పెదనాన్న గారి .315 సరిగ్గా కొట్టాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పెదనాన్న గారి .315 స్పోర్టింగ్ రైఫిల్ వారసత్వంగా మీ లైసెన్సు మీదికి వచ్చింది. ఇల్లు మెహదీపట్నంలో, పొలం వికారాబాద్ దగ్గర. మొక్కజొన్న మీద అడవిపందులు పడుతున్నాయి. 50 మీటర్ల దూరంలో కాగితం పెట్టి మూడు తూటాలు కాలిస్తే 10 సెంటీమీటర్ల మేర చెదిరి పడ్డాయి. మీ ఫ్రెండ్ మాత్రం "ఒక్క ఎంఓఏ కొట్టనిది రైఫిలే కాదు, అమ్మేసి ఫారిన్‌ది కొనుక్కో" అంటున్నాడు (ఎంఓఏ అంటే తూటాల చెదురును కొలిచే కోణం, లెక్క కింద చెబుతాను). ఇది పనికొస్తుందా, పనికి రావాలంటే దేన్ని బాగుచేయించాలి అన్నది మీ సందేహం.

గురి సంగతికి ముందు ఒక మాట చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేట అనేది లేదు. పంట పాడుచేసే అడవిపందినైనా అటవీ శాఖ పద్ధతి ప్రకారం రాతపూర్వక అనుమతి ఉన్నవాళ్లే కాల్చాలి. మీ లైసెన్సు రైఫిల్ ఉంచుకోవడానికే, అది పంది మీద పేల్చే అనుమతి కాదు. అలాగే పొలంలో వేపచెట్టుకు కాగితం అంటించి టెస్ట్ ఫైరింగ్ చేయకండి. ఈ బుల్లెట్ గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజ్ ఉంది. అక్కడైనా, ఇంకెక్కడైనా ఇంత పెద్ద బోరుకు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు) ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కుని వెళ్లండి.

ఇక అసలు విషయం. సరిపోయేంత గురి అంటే ఎంత? ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. 100 మీటర్ల దగ్గర అది సుమారు 29 మిల్లీమీటర్లు, 50 మీటర్ల దగ్గర అందులో సగం. మీ 10 సెంటీమీటర్లు దాదాపు 7 ఎంఓఏ అవుతుంది. వినడానికి దారుణంగానే ఉంటుంది. కానీ లెక్క రైఫిల్ వైపు నుంచి కాదు, జంతువు వైపు నుంచి మొదలుపెట్టాలి. ఎదిగిన అడవిపందికి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ముందుకాలి దగ్గర, ఛాతీలో కాస్త కిందుగా, సుమారు 15 సెంటీమీటర్ల గుండ్రం అనుకోండి. తూటా అందులో పడాలి. పడకపోతే ఆ జంతువు గాయంతో పొదల్లోకి పోయి నరకయాతన పడుతుంది, లేదంటే మర్నాడు పొద్దున కలుపు తీయడానికి వచ్చిన మనిషి మీద పడుతుంది.

ఒకే గురితో కాల్చిన తూటాలు కాగితం మీద పడిన మేరను గ్రూపు అంటాం, దాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలుస్తాం. 6 సెంటీమీటర్ల గ్రూపు కొట్టే రైఫిల్‌లో తూటా మధ్య నుంచి సుమారుగా 3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 15 సెంటీమీటర్ల గుండ్రంలో మధ్య నుంచి అంచుకు ఏడున్నర ఉంది. మిగిలిన నాలుగున్నర సెంటీమీటర్లు మీకోసం. మీ ఊపిరికి, చేతి వణుకుకి, మసక వెలుతురుకి, పంది చివరి క్షణంలో వేసే అడుగుకి అంతే జాగా. టేబుల్ మీద ఇసుక సంచి ఆనించి కొట్టిన గ్రూపు, పొలంలో మోకాలి మీద కూర్చునేసరికి రెట్టింపు అయినా ఆశ్చర్యం లేదు. అందుకని నేను చెప్పే కొలత ఇది: మీరు నిజంగా కాల్చబోయే దూరంలో, టేబుల్ మీద 6 సెంటీమీటర్లు దాటకూడదు. మంచె మీద నుంచి చేలో కాల్చే దూరం 50 మీటర్లు అనుకుంటే అది 4 ఎంఓఏ. ఆరోగ్యంగా ఉన్న .315 స్కోపు లేకుండా, ఇనప సైట్లతోనే (గురి చూసే పలకలతోనే) ఇది కొడుతుంది. మీది కొట్టడం లేదు కాబట్టి ఎక్కడో తేడా ఉంది. అయితే ఆ తేడా కోసం లక్షలు పోసి కొత్తది కొనాల్సిన పని లేదు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు కదా, ఆ ఆటలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అక్కడ ఆ అవసరం ఉంది. మొక్కజొన్న చేలో లేదు.

ఇంకో సంగతి, మూడు తూటాల గ్రూపును మరీ నమ్మకండి. ఒకే రైఫిల్, ఒకే మనిషి, ఒకే తూటాలు. అయినా మూడేసి కాల్చినప్పుడు సగటున 30 మిల్లీమీటర్లు వస్తే, అయిదేసి కాలిస్తే దాదాపు 38, పదేసి కాలిస్తే 47 వస్తుంది. రైఫిల్ చెడిపోలేదు, తూటాలు పెరిగేకొద్దీ అంచులు బయటపడతాయి, అంతే. ఒక ఎంఓఏ అని చెప్పుకునేవాళ్ల ఫోన్లలో ఉండేది చాలాసార్లు ఏదో మంచి రోజున పడిన ఆ మూడు రంధ్రాల ఫోటోనే. మిగతా కాగితాలు చూపించరు. మీరు కూడా ఒక్క గ్రూపుతో నిర్ణయానికి రాకండి. అయిదు తూటాల గ్రూపులు రెండైనా కాల్చి, రెండు కాగితాలనూ దాచుకోండి. తూటాల కోటా, ధర రెండూ గుర్తున్నాయి, అందుకే ఇరవై అనడం లేదు.

మీ రైఫిల్ గురించి కొంచెం. .303, 7.62 లాంటి మిలిటరీ బోర్లు మన దేశంలో మామూలు పౌరులకు నిషేధం. అందుకే ఇషాపూర్ ఫ్యాక్టరీ, బ్రిటిష్ సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తరహా యంత్రానికి (తూటాను ఎక్కించి పేల్చే భాగానికి) 8 మిల్లీమీటర్ల మ్యాన్‌లిషర్ తూటా జోడించి ఈ .315 చేసింది. బుల్లెట్ బరువు 244 గ్రెయిన్లు (దాదాపు 16 గ్రాములు), వేగం సెకనుకు 600 మీటర్ల చిల్లర. ఈ రోజుల లెక్కలో నెమ్మదైనది, బరువైనది. దగ్గర దూరాల్లో అడవిపందికి బ్రహ్మాండంగా సరిపోతుంది. 150 మీటర్లు దాటాక కిందికి జారిపోతుంది, కాబట్టి అంత దూరం ఆశ పెట్టుకోకండి. దీని కర్ర భాగం ఒకే ముక్క కాదు. భుజానికి ఆనే బట్టు వేరు, గొట్టం కింద ముందు భాగం వేరు. సమస్యలు ఎక్కువగా ఈ రెండు అతుకుల దగ్గరే పుడతాయి.

కాబట్టి చూడటం అక్కడి నుంచే మొదలుపెట్టండి. మ్యాగజైన్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, తూటాను లోపలికి నెట్టే బోల్ట్ బయటికి తీసేయండి. ఒక చేత్తో బట్టు పట్టుకుని, రెండో చేత్తో యంత్రం ఉన్న చోట పట్టుకుని మెలితిప్పినట్టు కదపండి. వెంట్రుకవాసి కదలిక తెలిసినా, బట్టును యంత్రానికి బిగించే వేరే బోల్ట్ వదులైనట్టే. దాన్ని బిగించడానికి వెంటనే పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చకండి. పాత ఎన్‌ఫీల్డ్‌లలో ఆ బోల్ట్ కొన నలుచదరంగా ఉండి ముందు కర్రలోని ఒక పలకలో కూర్చుంటుంది. ముందు కర్ర విప్పకుండా బోల్ట్ తిప్పితే ఆ కర్ర పగులుతుంది. వెనక బిగించామనుకుని ముందు పగలగొట్టుకున్న రైఫిళ్లు ఈ ఊళ్లో బోలెడు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర పనితెలిసిన మేస్త్రీ చేత చేయించండి.

తర్వాత ముందు కర్ర. గొట్టం ప్రతి పేలుడుకీ కంపిస్తుంది. ఆ కంపన ప్రతిసారీ ఒకేలా ఉంటే తూటాలు ఒకచోట పడతాయి. కర్ర గొట్టాన్ని ఒకసారి ఒక చోట, ఇంకోసారి ఇంకో చోట తాకితే చెదురుతాయి. గురి మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది, గొప్ప గొట్టం కంటే మారని గొట్టం మేలు. కొన్ని రైఫిళ్లలో గొట్టం కర్రకు అసలు తగలకుండా వదిలేస్తారు. వాటిలో గొట్టానికీ కర్రకూ మధ్య పది రూపాయల నోటు దూర్చి వెనక్కి లాగితే ఎక్కడా ఇరుక్కోకుండా రావాలి. ఎన్‌ఫీల్డ్ తరహాలో మాత్రం కర్ర కొన దగ్గర కావాలనే ఆనిక ఇచ్చి ఉండొచ్చు. కాబట్టి నోటు ఇరుక్కుంది కదా అని గరుకు కాగితంతో కర్ర గీకేయకండి. ఆనిక రెండు వైపులా సమానంగా ఉందా, ఒక వైపు మాత్రమే నలిగి నల్లగా మెరుస్తోందా చూడండి. ఒక వైపే మెరిస్తే కర్ర వంకరపోయినట్టు.

మన ఊళ్లో కర్ర వంకరపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. మే నెలలో 42 డిగ్రీల్లో ఎండి బిగుసుకున్న కర్ర, జులైలో తేమ పీల్చి ఉబ్బుతుంది. దానికి తోడు ఎన్నికలు వస్తే ఆయుధాలు పోలీసుల దగ్గరో డీలరు దగ్గరో డిపాజిట్ చేయాల్సి వస్తుంది. 2023 నవంబరులో అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ, ఆరు నెలల వ్యవధిలో రెండుసార్లు పోలింగ్ జరిగింది. డిపాజిట్ చేసిన చోట రైఫిళ్లను గోడకు ఒకదాని మీద ఒకటి ఆనించి పెడతారు, ఎవరో బీరువా జరిపితే గొట్టం కొసన ఉండే గురి పలకకు, అంటే ఫోర్‌సైట్‌కు, దెబ్బ తగులుతుంది. నా దగ్గరికి వచ్చే "గురి పోయింది సార్" కేసుల్లో బోలెడన్ని డిపాజిట్ నుంచి వచ్చాక మొదలైనవే. ఇచ్చేముందు గొట్టం లోపలా బయటా నూనె పూయండి, ఫోర్‌సైట్ కూర్చునే గాడి మీదుగా నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత పెట్టండి. తిరిగొచ్చాక ఆ గీత రెండు ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తే సైట్ కదిలిందని అర్థం.

ఇప్పుడు గొట్టం. అందరూ ముందు దీన్నే తిడతారు. మూతి దగ్గర, అంటే తూటా బయటికి వచ్చే అంచు ఎలా ఉందో భూతద్దంతో చూడండి. తూటా గొట్టాన్ని ఆఖరున వదిలే చోటు అదే. అక్కడ ఒక వైపు చిన్న నొక్కు ఉన్నా, వెనక నుంచి తోసుకొచ్చే వాయువు ఆ వైపు నుంచి ముందుగా ఎగదన్ని తూటాను పక్కకు నెడుతుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను లోపలి అంచు చుట్టూ తిప్పండి. దూది పోగు చిక్కుకున్న చోట గరుకు ఉంది. దశాబ్దాలపాటు మూతి వైపు నుంచి రాడ్ పెట్టి, పుల్‌త్రూ తాడును ఒక పక్కకు ఒరుసుకునేలా లాగి తుడిచిన రైఫిళ్లలో లోపలి అంచు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతుంది. మూతిని మళ్లీ చెక్కించడం లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ పని. గొట్టాన్ని పొట్టిగా కత్తిరించడం ఆయుధ చట్టం ప్రకారం నేరం, ఎవడో చవగ్గా చేస్తానంటే ఒప్పుకోకండి.

లోపలి సంగతి. పాతకాలపు తూటాల ప్రైమర్లలో (మందును అంటించే చిన్న టోపీల్లో) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఉప్పుగా మారి గొట్టంలో మిగిలి, గాలిలో తేమ పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. పాతవాళ్లు కాల్చిన రోజు సాయంత్రమే గొట్టంలో మరిగే నీళ్లు పోసేది అందుకే. మీ పెదనాన్న గారు ఆ పని చేసి ఉంటే లోపల మెరుస్తూ ఉంటుంది, చేయకపోతే మశూచి మచ్చల్లా గుంటలు కనిపిస్తాయి. గుంటలు ఉన్నా కంగారు పడకండి. గొట్టం లోపల తూటాను గిరగిరా తిప్పే మెలిక గాడుల (రైఫ్లింగ్) అంచులు నిలబడి ఉంటే, చాలా గొట్టాలు 50 మీటర్లలో మనకు కావలసినంత కొడతాయి. కాకపోతే గుంటల్లో రాగి పేరుకుంటుంది. అమోనియా ఉన్న సాల్వెంట్‌తో తడిపిన చిందీ (గుడ్డ పీలిక) నీలిరంగు తేలితే లోపల ఇంకా రాగి ఉన్నట్టే. నీలి రంగు ఆగేదాకా తుడవండి. ఏళ్ల తరబడి పేరుకున్నది ఒక్క పూటలో పోదు.

తూటాల గురించి అడగలేదు గానీ, మీ 10 సెంటీమీటర్లలో వాటి వాటా ఉండే ఉంటుంది. పెదనాన్న గారి బీరువాలో దొరికిన పాత డబ్బాలోవీ, మీరు కొత్తగా కొన్నవీ కలిపి కాల్చారా? అలా అయితే ఆ గ్రూపును లెక్కలోంచి తీసేయండి. తూటాలు తెచ్చేటప్పుడు అట్టపెట్టె మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబరు) చూసి, లైసెన్సులో రాసిన పరిమితిలోనే ఒకే లాట్‌వి ఒకేసారి తీసుకోండి. మందు బరువులోనో బుల్లెట్ కూర్చున్న తీరులోనో లాట్‌కీ లాట్‌కీ తేడా ఉంటే కాగితం మీద తెలిసిపోతుంది. ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డులో తూటాలు పెట్టకండి. వేడెక్కిన మందు ఎక్కువ పీడనం పుట్టిస్తుంది, తూటా పడే ఎత్తు మారుతుంది.

సైట్ల దగ్గర కాస్త ఆగుదాం, మీకు ఎక్కువ లాభం ఇక్కడే అనిపిస్తోంది. మీ ఫోర్‌సైట్ పలక 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, కంటికి 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 50 మీటర్ల దగ్గర అది 13 సెంటీమీటర్లను కప్పేస్తుంది. 100 మీటర్ల దగ్గర 26 పైనే. అంటే మీ గ్రూపు కంటే మీ ఫోర్‌సైటే లావుగా ఉంది! చిన్న నల్ల చుక్క పెట్టి దాని నడిమధ్యకు గురి పెడితే, చుక్క పలక వెనక మాయమవుతుంది, ఎక్కడ పెట్టామో మనకే తెలియదు. పలక వెడల్పుకు సరిపడే 12, 13 సెంటీమీటర్ల నల్ల వృత్తాన్ని తెల్ల కాగితం మీద అంటించి, దాని కింది అంచు పలక పై అంచు మీద కూర్చున్నట్టు గురి పెట్టండి. ఒక్క ఈ మార్పుతోనే గ్రూపు బాగా తగ్గే అవకాశం ఉంది. చూపు ఫోర్‌సైట్ మీద ఉండాలి, కాగితం మసకగా కనిపించినా ఫరవాలేదు. నలభై అయిదు దాటినవాళ్లకు పలకే మసకేస్తుంది, అప్పుడు తప్పు రైఫిల్‌ది కాదు, కళ్లజోడుది. ఇంకొకటి, అరిగి మెరుస్తున్న పలక మీద సూర్యుడు ఒక పక్క నుంచి పడితే కన్ను ఆ మెరిసే అంచునే పలక అనుకుంటుంది. పొద్దున కొట్టిన గ్రూపు ఒక వైపు, సాయంత్రం కొట్టింది రెండో వైపు పడతాయి. హారతి కర్పూరం వెలిగించి దాని మసి పలకకు పట్టించడం పాత పద్ధతి, ఇప్పటికీ అంతకు మించింది లేదు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, తూటాలు వేరే గదిలో పెట్టాకే అగ్గిపుల్ల గీయండి.

ఇక ట్రిగ్గర్, దాన్ని నొక్కే వేలు. వేట రైఫిల్ ట్రిగ్గర్ కిలోన్నర, రెండు కిలోల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. మిలిటరీ తరహా ట్రిగ్గర్లు అంతకంటే బరువు, పైగా రెండు దశల్లో కదులుతాయి. మొదటి దశ ఖాళీగా వచ్చి ఆగుతుంది, అక్కడ నిలిపి, రెండోదాన్ని మెల్లగా పిండాలి. స్ప్రింగులు అరగదీసి తేలిక చేయిస్తామనే వాళ్ల దగ్గరికి పోకండి, కింద పడితే పేలే రైఫిల్ తయారవుతుంది. దానికంటే మీకు జడుపు ఉందో లేదో చూసుకోండి. .315 భుజాన్ని బాగానే తంతుంది. ఆ తన్ను ఊహించుకుని పేలకముందే భుజం ముందుకు నెట్టడం, కన్ను మూయడం అందరికీ ఉంటుంది, ఒప్పుకునేవాళ్లు తక్కువ. పరీక్ష సులువు. మీరు చూడకుండా తోడు వచ్చినాయన పేలని డమ్మీ తూటా ఒకదాన్ని మిగతావాటి మధ్య కలిపి మ్యాగజైన్ నింపాలి. డమ్మీ వంతు వచ్చినప్పుడు "టిక్" మని మాత్రమే వినిపిస్తుంది. ఆ క్షణంలో మూతి కిందికి ఒక్కసారి ముక్కు పొడిచినట్టు దిగితే, మీ చెదురుకు కారణం దొరికినట్టే. దీనికి విరుగుడు: భుజానికి మెత్తటి ప్యాడ్, చెవులకు మఫ్, ఇంట్లో రోజూ డమ్మీతో ట్రిగ్గర్ సాధన.

టేబుల్ మీద ఇసుక సంచి ముందు కర్ర కింద పెట్టండి, గొట్టం కింద కాదు. గొట్టం గట్టి వస్తువుకు ఆనితే తూటాలు పైకి పోతాయి. స్లింగ్‌ను (రైఫిల్ పట్టీని) చేతికి చుట్టుకుని బలంగా లాగినా పడే చోటు మారుతుంది, కాబట్టి పొలంలో ఎలా పట్టుకుంటారో ఇక్కడా అలాగే పట్టుకోండి.

స్కోపు (గురి చూసే దుర్భిణి) పెట్టిన .30-06 బోరు రైఫిల్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు రెండే ముక్కలు. గ్రూపు ఉన్నట్టుండి చెదిరితే ముందు స్కోపును పట్టి ఉంచే మౌంట్ స్క్రూలు చూడండి, తర్వాత స్కోపు మార్చి చూడండి, గొట్టం జోలికి ఆ తర్వాత వెళ్లండి. సన్నటి గొట్టం మూడు తూటాలకే వేడెక్కి జరుగుతుంది, మధ్యలో చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి.

ఇవన్నీ సరిచేశాక అసలు పరీక్ష గ్రూపు కాదు, మొదటి తూటా. పొలంలో మీకు దొరికేది చల్లటి గొట్టంలోంచి ఒక్కటే. నూనె పూసి దాచిన గొట్టంలోంచి వచ్చే మొదటి తూటా మిగతావాటికి దూరంగా పడటం మామూలే. కాబట్టి గొట్టంలో పొడి చిందీ ఒకటి లాగి, ఆ రోజుకు ఒక్క తూటా మాత్రం కాల్చి, కాగితం మడిచి దాచండి. రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ మొదటి తూటా అదే కాగితం మీద. అలా అయిదు రంధ్రాలు పోగయ్యాక వాటి మధ్య నుంచి సైట్ సర్దండి. ఆ అయిదూ 6 సెంటీమీటర్లలో ఉంటే ఇక వేరే రైఫిల్ గురించి ఆలోచించకండి. 7, 8 ఉంటే 35 మీటర్ల లోపే కాల్చండి. స్క్రూలు, మూతి, తూటాలు, సైట్లు, మీ వేలు అన్నీ సరిచూసుకున్నాక కూడా 10 దాటుతుంటే, అప్పుడు గొట్టం నిజంగా అరిగిపోయినట్టే. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు ఒక్కరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉంచుకునే వీల్లేదు. మీ దగ్గర ఇంకొకటి లేకపోతే, దీన్ని పెదనాన్న గారి జ్ఞాపకంగా ఉంచుకుని .30-06కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈలోపు ఆ రెండు కాగితాల కొలతలు, ఫోర్‌సైట్ వెడల్పు, తూటాల లాట్ ఒకటేనా కాదా రాయండి, చూసి చెబుతాను.